బొటనవేలి మీద పులి

నేను పిరికివాడిని. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. అంబులెన్స్ కూత వినపడితే అది మా ఇంటి ముందే ఆగుతుందని నా గుండె దడదడలాడుతుంది. ఒంటి మీద బల్లి పడితే స్నానం చేసి దీపం వెలిగించేదాకా మంచినీళ్లు కూడా ముట్టను. అలాంటివాడికి కరోనా మొదటి ఏడాది, సూరత్‌లో, లింబాయత్ గల్లీలో, ఊరంతా ఒక వైరస్‌కు భయపడుతుంటే రెండింటికి భయపడాల్సి వచ్చింది. ఒకటి బయట తిరుగుతోంది. రెండోది నా కుడి బొటనవేలి మీద కూర్చుంది.

దాన్ని పులిపిరి అంటారు. మొదట్లో ఆవగింజంత ఉండేది. నా భార్య ఈ ఊళ్లోనే పుట్టి పెరిగింది, ఇక్కడ దాన్ని మస్సా అనే అంటారు. మా అమ్మ నోట పులిపిరి అనే మాట మొదటిసారి విన్న రోజు పడీ పడీ నవ్వింది.

"పులి, పిరికి, రెండూ గా ఒక్క మాటల్నే ఉన్నయి గదా అత్తమ్మా. పులేమో గది. పిరికేమో నీ కొడుకు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో దానికి పులి అనే పేరు స్థిరపడింది. అన్నం వడ్డిస్తూ "పులి ఎట్లున్నది?" అని అడిగేది. నాకు ఒళ్లు మండేది. వేలు నాది, భయం నాది, నవ్వు మాత్రం అందరిదీ.

వేలు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మాది నేతపని ఇల్లు. ఉత్తర తెలంగాణలో మగ్గాలు మూలపడ్డాక మా నాన్న ఇక్కడికి వచ్చాడు. నేను అచ్చులు అతుకుతాను. మరమగ్గం మీద దారం చుట్టిన బీమ్ అయిపోయినప్పుడు కొత్త బీమ్ ఎక్కిస్తారు. పాతదాని చివర్లను కొత్తదాని చివర్లతో ఒక్కొక్కటిగా కలపాలి. ముడి వేయకూడదు, వేస్తే గుడ్డలో గింజలా తేలుతుంది. రెండు పోగుల కొసలు పట్టుకుని, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పేనాలి. బీమ్ నిండా పోగులే. కళ్లతో చూస్తూ చేస్తే తెల్లారిపోతుంది. ఆ పనిలో చూసేది బొటనవేలి చర్మమే. రెండు రావలసిన చోట మూడు పోగులు వస్తే ముందు వేలికి తెలుస్తుంది, తర్వాత మనకు తెలుస్తుంది. ఈ పని చిన్నప్పుడు అమ్మే నేర్పింది. కళ్లు మూయించి, చేతిలో పోగులు పెట్టి, ఎన్ని ఉన్నాయో చెప్పమనేది.

పులిపిరి వచ్చి కూర్చున్నది సరిగ్గా ఆ పేనే చోటే. పోగు పేనుతుంటే దాని గరుకుకు తగులుకుని పీలికలయ్యేది. నేను అతికిన అచ్చులు మగ్గం మీద ఊడిపోతున్నాయని ఖాతాలో సేఠ్ ఒకట్రెండుసార్లు గొణిగాడు. మా సూరత్‌లో మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. చలిగా ఉంది, చర్మం పగిలిందని బొంకి బయటపడ్డాను.

అంతలో లాక్‌డౌన్ పెట్టారు. మగ్గాలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచీ ఆ టకటకల మధ్యే బతికినవాణ్ణి, అవి ఆగిన మొదటి రోజు చెవుడు వచ్చిందనుకుని చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాను. గల్లీలో చాలామంది మూటలు సర్దుకుని ఊళ్లకు నడక సాగించారు. అమ్మ మోకాళ్లు నాలుగు మెట్లు ఎక్కడానికే మొరాయిస్తాయి కాబట్టి మేం ఉండిపోయాం. పక్క వీధిలో ఎవరికో జ్వరం వచ్చిందని మా గల్లీ మొదట్లో రేకులు కొట్టేశారు. ఆ రేకులను చూసినప్పుడల్లా మమ్మల్ని డబ్బాలో పెట్టి మూత బిగించినట్టు ఊపిరాడేది కాదు.

ఇక చేతులు కడగడం మొదలైంది. పాల ప్యాకెట్ తెస్తే కడుగు, తలుపు గడియ ముట్టుకుంటే కడుగు. శానిటైజర్ దొరకని రోజు బట్టల సబ్బుతో కడుగు. కొద్ది రోజుల్లో నా చేతులు పొట్టు లేచాయి. వేళ్ల సందులు పగిలి రక్తం చిమ్మాయి. అంత బీభత్సంలో ఒక్క పులి మాత్రం చెక్కుచెదరలేదు. చుట్టూ చర్మం ఎండి రాలిపోతుంటే అది నిగనిగలాడుతూ ఇంకాస్త ఎత్తు పెరిగింది. పక్కనే ఇంకో చిన్నది మొలిచింది.

నాకు అప్పుడు నిజంగా భయం పట్టుకుంది. దాని మీద సున్నమూ సోడా కలిపి పెట్టాను. చుట్టూ చర్మం కాలి బొబ్బలెక్కింది, దానికేమీ కాలేదు. అగరుబత్తితో చురక పెట్టాను. వాసన వచ్చింది, నేను ఎగిరి గంతేశాను, మళ్లీ దానికేమీ కాలేదు. బ్లేడుతో పైపైన గీకితే రక్తపు చుక్కలు వచ్చాయి, వారం తిరగకముందే మళ్లీ అంత ఎత్తూ పెరిగింది. మేడ మీద ఎర్రటి ఎండలో వేలు చాపి కూర్చున్నాను, మెడ మాడింది గానీ పులి మాడలేదు. నేను ఏది చేసినా చచ్చేది నేనే, అది కాదు. ఇది మామూలు పులిపిరి కాదేమో, క్యాన్సరేమో అనుకునేవాణ్ణి. కరోనా వేళ్ల మీద కూడా మచ్చలుగా తేలుతుందట అని ఎవరో ఫోన్‌లో పంపారు. అది చదివాక ఆ వేలిని అన్నానికి తగలనివ్వలేదు. చెంచాతో తినడం మొదలుపెట్టాను. బొటనవేలిని ఎప్పుడూ పిడికిట్లో దాచుకునే తిరిగేవాణ్ణి. అమ్మకు మందుబిళ్ల ఇవ్వాలన్నా ఎడమ చేత్తోనే ఇచ్చేవాణ్ణి.

అమ్మ కొన్నాళ్లు చూసి ఊరుకుంది. ఒక రోజు పొద్దున నన్ను గుమ్మం దగ్గర కూర్చోబెట్టుకుంది.

"గిదేం పెద్ద రోగం కొడుకా. గుర్రం తోక ఎంట్రుక గట్టిగ కడితె అదే ఎండి రాల్తది. మా తమ్మునికి గట్లనే పోయింది."

గుర్రం ఎక్కడ దొరుకుతుంది? మామూలు రోజుల్లో అయితే సూరత్‌లో పెళ్లికొడుకులను ఊరేగించే గుర్రాలు బోలెడు. పెళ్లిళ్లే లేవు. గుర్రాలవాళ్లు ఎటు పోయారో తెలియదు. తెలిసినా రేకులు దాటి తోక వెంట్రుక కోసం వెళ్లేంత మగతనం నాకు లేదు.

"ఎంట్రుకైతేంది, దారమైతేంది," అంది అమ్మ. "నేతోళ్లింట్ల దారానికి కరువా?"

నా భార్య ఇంట్లో చీరలకు రాళ్లు అంటించే పని చేసేది. ఆ సామానులో మోనో దారం బాబిన్ ఒకటి ఉంది. వెంట్రుకంత సన్నగా, గాజులా తళతళలాడే నైలాన్ పోగు. అమ్మ దాన్ని రెండు చేతులతో లాగి చూసి మెచ్చుకుంది. తప్పు అక్కడే జరిగింది. అమ్మ జీవితమంతా నూలుతో పనిచేసింది. నూలు తడిస్తే కాస్త సాగుతుంది, ఒరుసుకుంటే తెగుతుంది. వెంట్రుక కూడా అంతే. మోనో సాగదు, తెగదు, తడిస్తే మెత్తబడదు. పైగా అమ్మ వేసింది నేతవాళ్ల ముడి. అది లాగేకొద్దీ బిగుస్తుందే తప్ప జారదు. వేరే ఇంట్లో ఎవరు వేసినా ముడి రెండో గంటకే ఊడిపోయి ఉండేది.

పులికి మెడ లేదు, అడుగు వెడల్పుగా కూర్చుంది. దారం నిలవలేదు. అందుకని అమ్మ చుట్టూ కండను కూడా కలిపి పట్టి, వేలి కొస వెనక నుంచి చుట్లు తిప్పి బిగించింది.

"నొస్తున్నదమ్మా," అన్నాను.

"నొస్తె మంచిదే. అది సస్తున్నదన్నట్టు."

ఆ మాట నమ్మాను. ఆ రోజంతా వేలు సలుపుతూనే ఉంది. సలుపు పెరిగేకొద్దీ పులి చస్తోందని సంతోషించాను. భయంలోనూ ఇంత తెలివితక్కువతనం ఉంటుందని అప్పుడే తెలిసింది. మర్నాటికి సలుపు ఆగిపోయింది. ప్రాణం హాయిగా ఉందని నా భార్యకు వేలు చూపించబోయాను. తను చేతిలోని గిన్నె వదిలేసింది.

వేలి కొస నల్లగా, ఉబ్బిపోయి ఉంది. దారం కనిపించడం లేదు. కండలో మునిగిపోయింది.

"ముట్టుకుంటున్న, తెలుస్తున్నదా?" అంది.

తెలియలేదు. గిల్లింది. తెలియలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తను కత్తెర తెచ్చింది గానీ కొన దూరే సందు లేదు. అమ్మ నా చేతిని తన ముందుకు లాక్కుంది. ముడి వేసిన వేళ్లతోనే ముడి కోసం వెతికింది. చూపు ఆనదు, ముడి దొరకదు. "నా శేతులిరగ" అని తనను తానే తిట్టుకుంది. నాకు కోపం వచ్చింది.

గల్లీలోని డాక్టరు ఎప్పుడో తాళం వేసుకుని వెళ్లాడు. పెద్దాసుపత్రికి పోవాలి. అక్కడికి పోతే కరోనా అంటుతుందని భయం, పోకపోతే వేలు పోతుందని భయం. జీవితంలో మొదటిసారి నా రెండు భయాలు నా రెండు చేతులూ పట్టుకుని చెరోవైపు లాగాయి. నా భార్యే తేల్చింది, ముక్కుకు చున్నీ కట్టుకుని ముందు నడిచింది. రేకుల దగ్గర పోలీసు "కహా?" అని, ఎటు పోతున్నారన్నట్టు లాఠీ అడ్డం పెట్టాడు. నేను వేలు ఎత్తి చూపించాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. అది కరోనాలో కొత్త రకమనుకున్నాడో ఏమో, రేకు తానే జరిపి దారిచ్చాడు.

ఆసుపత్రిలో జ్వరాల వరుస, దగ్గుల వరుస. మమ్మల్ని ఒక మూలకు పంపారు. అక్కడ తల నుంచి కాలి దాకా తెల్లటి ముసుగులో ఒకావిడ కూర్చుని ఉంది. అద్దాల వెనక కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. నిజానికి ఆవిడ చర్మం డాక్టరట, అందరితో పాటు కరోనా డ్యూటీలో వేశారట. నా వేలు చూడగానే ఆవిడ కళ్లు వెలిగాయి.

"అరే భాయ్, కిత్నే దిన్ బాద్ చమ్డీ కా కేస్ ఆయా," అంది. ఎన్నాళ్లకు ఒక చర్మం కేసు వచ్చింది అని. నా ప్రాణం పోతుంటే ఆవిడకు పండుగలా ఉంది.

కోసి దారం తీసింది. వేల్లోకి రక్తం దిగుతుంటే పుట్టిన నొప్పికి నేను గోడకు తల ఆనించి ఏడ్చాను. సిగ్గుపడలేదు. ఆవిడ కట్టు కడుతూ, ఎందుకు కట్టుకున్నావని అడిగింది. పులిపిరి గురించి, సున్నం గురించి, అగరుబత్తి గురించి, ఎండ గురించి అన్నీ చెప్పుకున్నాను. అన్నిటినీ అది తట్టుకుంది మేడమ్, నేనే తట్టుకోలేకపోయాను, అన్నాను.

ఆవిడ నవ్వలేదు. హిందీలో, మెల్లగా, నాకు తెలిసేలా చెప్పింది. ఇది కూడా వైరస్సే. చర్మంలోని కణాల్లో కాపురం పెడుతుంది. ఎండ దెబ్బో ఇంకో దెబ్బో తగిలి బాగా పాడైన కణం తనంతట తానే చనిపోతుంది, పక్కవాటికి చేటు చేయకుండా తప్పుకోవడం దాని అలవాటు. ఈ వైరస్ తానున్న కణానికి ఆ అలవాటు మాన్పిస్తుంది. చావకు, ఇంకా పెరుగు అంటుంది. ఇల్లు కూలితే తాను వీధిన పడాలి కదా, అందుకని ఇంటికి గొడుగు పడుతుంది. నువ్వు చేసిన ప్రతి పనికీ మంచి చర్మమే ముందు చచ్చింది. ఏదో ఒకరోజు నీ ఒళ్లే దాన్ని గుర్తుపట్టి పంపిస్తుంది, లేదా మేం మంచులా గడ్డకట్టించి తీస్తాం. దానికి తొందరలేదు. తొందర ఈ నల్లటి వేలికి. వారం తర్వాత రా. నలుపు కిందికి దిగితే కొస తీసేయాలి.

ఆ చివరి మాటతో ముందు చెప్పినవన్నీ మర్చిపోయాను. దారి పొడవునా నా భార్యను ఒక్కటే అడిగాను. కొస అంటే ఎక్కడిదాకా? తను నా మోచేయి పట్టుకుని నడిచింది.

ఆ వారం ఎలా గడిచిందో నాకు తెలుసు, ఆ వేలికి తెలుసు. గంటకోసారి కట్టు పక్కకు జరిపి నలుపు దిగిందా అని చూసుకునేవాణ్ణి. ఒకసారి దిగినట్టే ఉండేది, ఇంకోసారి లేనట్టే ఉండేది. అమ్మ నా ముఖం చూడటం మానేసింది. నా కంచంలో కూర వేసి తాను ఉత్త మజ్జిగతో లేచేది. "నువ్వు గూడ కూర తినమ్మా" అంటే "ఆకలి లేదు కొడుకా" అనేది. నా భార్య పులి మాట ఎత్తడం మానేసింది. ఇంట్లో అందరూ నవ్వడం మానేస్తే అంత భయంగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు. నవ్వినప్పుడు ఎందుకు కోప్పడ్డానా అనిపించింది.

నలుపు దిగలేదు. చివరికి ఆ నల్లటి చర్మం చింతకాయ పెంకులా పెళుసుగా లేచి ఊడివచ్చింది. వారం తిరిగాక మళ్లీ ఆసుపత్రికి వెళితే డాక్టరమ్మ చేతిలోనే ఊడింది. కోయక్కర్లేదు, బతికిపోయావు అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. వంగి చూశాను. కింద లేత గులాబీ రంగు చర్మం. దాని మధ్యలో, పక్కనున్న చిన్నదానితో సహా, కాస్త నలిగి, కాస్త పొట్టిదై, పులి.

చచ్చిన చర్మమంతా రాలింది. అది రాలలేదు.

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆవిడ మాత్రం, చెప్పాను కదా అన్నట్టు తల ఊపింది. దాన్ని తర్వాత చూద్దాం, ముందు స్పర్శ రానీ, వస్తే వస్తుంది, లేకపోతే లేదు అంది. ఎంత మామూలుగా అందో.

వేలు నిలిచింది గానీ దానికి ఏమీ తెలియడం లేదు. వేడి తెలియదు, తడి తెలియదు. అదే సమయంలో సేఠ్ ఫోన్ చేశాడు. ఖాతా తెరిచే రోజు దగ్గరపడుతోంది, చేతులు సిద్ధంగా పెట్టుకో అన్నాడు. "హా సేఠ్, తయ్యార్" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ వేలిని గిల్లి చూసుకున్నాను. అచ్చు అతకడం తప్ప నాకు ఇంకో పని రాదు. పోగు తెలియని వేలితో ఏం అతుకుతాను?

అప్పుడు అమ్మ పాత పద్ధతి మొదలుపెట్టింది. రోజూ పొద్దున ముఖం కడుక్కోగానే గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి కళ్లు మూయించేది. నా కుడి బొటనవేలి మీద పోగు పెట్టి మెల్లగా జరిపేది.

"ఉన్నదా?"

"తెలుస్తలేదమ్మా."

ఆ రోజంతా ఆమె నోట్లో ముద్ద ఉండేది కాదు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు, అదే మజ్జిగ. ఆమె మెడ ఎముకలు తేలడం చూసి నాకు కొత్త భయం పుట్టింది. వేలు పోతే పోయింది, ఈ ముసలామె ఇలా ఎండిపోయి కరోనాకు దొరికితే? బయటి వైరస్ సరిగ్గా ఇలాంటివాళ్లనే వెతుక్కుంటోందని టీవీలో పొద్దస్తమానం చెబుతున్నారు. ఒక రోజు "ఉన్నదా?" అని అడగ్గానే "జర తెలిసినట్టే ఉన్నదమ్మా" అనేశాను. ఆమె ఆ పూట కూరతో తిన్నది. ఇంకో గరిటె వేయించుకుంది కూడా. నా భార్య నా వైపు చూసింది, నేను తల తిప్పుకున్నాను.

ఇక రోజూ అదే చెప్పాను. ఉన్నదమ్మా. నిన్నటికంటే మంచిగ తెలుస్తున్నదమ్మా. ఆమె తింటోంది కదా, అది చాలనుకున్నాను.

ఖాతా తెరుస్తున్నామని సేఠ్ కబురు పంపిన రోజు పొద్దున కూడా గుమ్మం దగ్గర కూర్చున్నాను. కళ్లు మూసుకున్నాను. ఆమె నా వేలిని చేతిలోకి తీసుకుంది.

"ఉన్నదా?"

"ఉన్నదమ్మా."

"ఏడున్నది?"

"నడుమల. పులి పక్కపొంటే."

 ఎంతసేపటికీ ఆమె మాట్లాడకపోతే కళ్లు తెరిచాను. ఆమె రెండు చేతుల్లోనూ పోగు లేదు. రోజూ పోగు తీసే బాబిన్ అవతల అరుగు మీద, రాత్రి పెట్టినచోటే ఉంది.

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె నా కుడిచేతిని నా ఒళ్లోకి తిరిగి పెట్టేసి, ఎడమచేతిని లాక్కుంది. ఆ బొటనవేలిని వెలుతురులోకి తిప్పింది. తన ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని, గోటి చుట్టూ, గీతల మధ్య, అటూ ఇటూ వెతికింది. ఎక్కడా ఏ గింజా మొలవలేదని రూఢి చేసుకున్నాక దాని మీద కాస్త బూడిద అద్దింది. రెండు పోగులు తెచ్చి వాటి కొసలు తానే పట్టుకుంది.

"ఊఁ, గీ శేతితోని పేను కొడుకా."

పేనాను. ఊడిపోయాయి. ఆమె మళ్లీ కొసలు కలిపి పట్టింది. పులి ఈ చేతిని తాకకుండా కుడి పిడికిలి గట్టిగా బిగించి, వీపు వెనక దాచుకుని, నేను మళ్లీ పేనాను.